విశ్రాంతి ఎముకకే, మనిషికి కాదు

జిల్లా పేజీల్లో దాదాపు రోజూ కనిపించే వార్త: బైక్ అదుపు తప్పి కిందపడ్డాడు, కాలు విరిగింది, 108లో ఆసుపత్రికి తరలించారు. నాలుగు వాక్యాలకు మించి ఉండదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది. పోయినవాళ్ల గురించి అంతో ఇంతో చర్చ జరుగుతుంది. బయటపడ్డవాళ్లను మాత్రం ‘ప్రాణాపాయం లేదు’ అన్న ఒక్క మాటతో అందరం మరిచిపోతాం. వాళ్ల అసలు కష్టం డిశ్చార్జి అయి ఇంటికి చేరాక మొదలవుతుంది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చుట్టూ మనుషులుంటారు. ఇంటికొచ్చిన మొదటి వారం బంధువులు హార్లిక్స్ సీసాలూ యాపిల్ పళ్లూ పట్టుకుని వస్తారు. మూడో వారానికి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. పిల్లలు బడికి, భార్యో భర్తో ఉద్యోగానికి వెళ్లాక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా తోడుండేది మంచం, ఫ్యాను, ఫోను. ‘ఆరు వారాల్లో లేచి తిరుగుతావు’ అని ఎవరో అన్న మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ గడుపుతారు. ఆరు వారాలూ అవుతాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు ‘ఇంకో నెల చూద్దాం’ అంటారు. చాలామంది గుండె జారిపోయేది అప్పుడే.

ఎముక మానడానికి అంత కాలం ఎందుకు పడుతుంది? ఆ కాలమంతా ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి ఏం చేయగలడు? ఈ రెండూ నిదానంగా చూద్దాం. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఉండే పెద్ద ఎముకను ఉదాహరణగా తీసుకుందాం. డాక్టర్లు దాన్ని టిబియా అంటారు. బైకు ప్రమాదాల్లో తరచూ విరిగేదీ అదే, అతుక్కోవడానికి సతాయించేదీ అదే.

రాడ్ ఎముకను అతికించదు

‘రాడ్ వేశారు కదా, ఇంకా నడవడేం?’ అని అడిగేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. రాడ్ గానీ, ప్లేటు గానీ, పిండికట్టు గానీ ఎముకను అతికించవు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు చేసే పనే ఇవీ చేస్తాయి. కాంక్రీటు తనంతట తాను గట్టిపడేదాకా అది కదలకుండా, వంగకుండా పట్టి ఉంచుతాయి, అంతే. గట్టిపడే పని ఎముకదే.

ఆ పని మెట్లు మెట్లుగా సాగుతుంది. విరిగిన గంటల్లోనే ఆ చోట నెత్తురు గడ్డకడుతుంది. మొదటి వారం వాపు, నొప్పి, వేడి ఉంటాయి. పాడైన కణాలను తొలగించి కొత్తవాటికి చోటు చేసేందుకు ఒళ్లు చేసే ఏర్పాటే ఆ వాపు. రెండు మూడు వారాల నుంచి విరిగిన కొసల మధ్య మెత్తని, మృదులాస్థి లాంటి పదార్థం అల్లుకుంటుంది. ఇంచుమించు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య దానిలో సున్నం చేరి గట్టి ఎముకగా మారడం మొదలవుతుంది. ఆ తర్వాత అడ్డదిడ్డంగా పెరిగిన ఎముకను శరీరం చెక్కి సరిచేసుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి తెలిస్తే సగం దిగులు తీరుతుంది. ఎక్స్‌రేలో కనిపించేది సున్నం చేరిన ఎముక మాత్రమే. రెండో మూడో వారంలో పుట్టిన మెత్తటి పదార్థం అందులో కనిపించదు. అందుకే తొలి ఎక్స్‌రేలో పగులు నల్లటి గీతలా అలాగే ఉంటుంది. ‘ఏమీ జరగలేదు’ అని మనం కుంగిపోయే వారాల్లోనే లోపల చాలా పని జరిగిపోతుంటుంది.

మణికట్టు ఎముకకు సాధారణంగా ఆరు వారాలు చాలు. పెద్దవాళ్లలో టిబియాకు నాలుగు నుంచి ఆరు నెలలు మామూలే. కారణం దాని ఇరుగుపొరుగులో ఉంది. కాలి ముందువైపు వేలితో తడిమి చూడండి, చర్మం కిందే ఎముక తగులుతుంది. తొడ ఎముక చుట్టూ ఉన్నట్టు దీని చుట్టూ దళసరి కండ లేదు. చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఇంకా తక్కువ. కండ తక్కువైన చోట నెత్తురు సరఫరా తక్కువ, నెత్తురు తక్కువైన చోట మానడం ఆలస్యం. దానికి తోడు ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, ముక్కలైనా, షుగరు అదుపులో లేకపోయినా ఆలస్యం మరింత పెరుగుతుంది.

కొత్త ఎముక ఎంత మెల్లగా పెరుగుతుందో సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో పనిచేసిన సోవియట్ డాక్టరు గవ్రీల్ ఇలిజరోవ్ చికిత్స చూస్తే తెలుస్తుంది. పొట్టి అయిన ఎముకను కోసి, చుట్టూ ఉక్కు రింగులు బిగించి, కొసలను కొద్దికొద్దిగా ఎడం చేస్తూ మధ్యలో కొత్త ఎముక పెంచే పద్ధతి ఆయనది. ఎడం చేసే వేగం రోజుకు ఒక మిల్లీమీటరు. అది కూడా ఒక్కసారిగా కాదు, నాలుగు విడతల్లో. తొందరపడి ఎక్కువ లాగితే ఎముక పుట్టదు. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత వలేరి బ్రూమెల్‌కు మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయింది. వరుస ఆపరేషన్లతో మానని ఆ కాలు 1968లో ఇలిజరోవ్ దగ్గర నిలబడింది. ఆ తర్వాత బ్రూమెల్ మళ్లీ రెండు మీటర్లు దాటి ఎగిరాడు గానీ, 2.28 మీటర్ల తన పాత ప్రపంచ రికార్డు దరిదాపులకు వెళ్లలేకపోయాడు. ఎంత గట్టి శరీరమైనా ఎముకకు దాని గడువు ఇవ్వక తప్పదు.

మంచం తీసే బలం

‘బెడ్ రెస్ట్’ అన్న మాటను మనం అక్షరాలా పాటిస్తాం. కాలు విరిగితే మనిషి మొత్తాన్ని మంచానికి అప్పగిస్తాం. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మంచినీళ్ల గ్లాసు కూడా నోటికి అందిస్తారు. ఆ ప్రేమ చేసే చెరుపు చిన్నది కాదు.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచి పరీక్షలు చేశారు. వాళ్ల శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం సగటున 27 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్లలో వయసు వాళ్ల నుంచి తీసుకున్నదాని కన్నా అప్పటి మూడు వారాల మంచం తీసుకున్నదే ఎక్కువని తేలింది. వాళ్లెవరికీ ఎముక విరగలేదు, జబ్బు లేదు. మంచమొక్కటే కారణం. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, ఆ మూడు వారాల తర్వాత వ్యాయామం చేయించగానే పోయిన బలం తిరిగి వచ్చింది.

అంతకు చాలా ముందే, 1892లో, జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ ఇంకో సంగతి రాశాడు. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మలుచుకుంటుంది. బరువు పడే చోట చిక్కబడుతుంది, పడని చోట పలచబడుతుంది. అంతరిక్షంలో నెలల తరబడి తేలుతూ ఉన్న వ్యోమగాముల ఎముకలు పలచబడటానికీ ఇదే కారణం. కాబట్టి విశ్రాంతి కావలసింది పగిలిన చోటుకి, అదీ డాక్టరు చెప్పినన్నాళ్లే. రెండో కాలికి, చేతులకు, ఊపిరితిత్తులకు, మనసుకు అక్కర్లేదు.

అందుకని డిశ్చార్జి రోజున అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్లు పడుకోవాలి?’ అన్నది కాదు. ‘కాలు నేల మీద ఎంత బరువుతో పెట్టొచ్చు, ఎప్పటి నుంచి?’ అని అడగాలి. దీనికి అందరికీ ఒకే జవాబు ఉండదు. టిబియా నడిమి భాగంలో తిన్నగా విరిగి లోపల రాడ్ వేస్తే కొద్దిరోజులకే కొంత బరువు వేయమనవచ్చు. మోకాలి కీలుదాకా పగిలి ప్లేట్లు వేస్తే రెండు మూడు నెలలు పాదం ఆనించవద్దనవచ్చు. పక్కింటాయనకు చెప్పింది మీకు పనికిరాదు.

కాలు కింద పెట్టకూడని రోజుల్లో కూడా చేయగలిగినవి చాలానే ఉన్నాయి. పాదం వేళ్లు, వీలైతే చీలమండ, గంటకోసారి పైకీ కిందికీ ఆడించాలి. పిక్కలో నెత్తురు గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని దాన్ని నేలకు నొక్కుతూ తొడ కండ బిగించి వదలాలి. కూర్చుని చేతులతో నీళ్ల సీసాలు ఎత్తాలి. వాకర్ మీదా చంక కర్రల మీదా ఒళ్లు మోయాల్సింది ఆ చేతులే. దీర్ఘంగా ఊపిరి తీసి వదలాలి. ఏ వ్యాయామం ఎంత చేయాలో ఫిజియోథెరపిస్టు ఒకటి రెండుసార్లు ఇంటికొచ్చి చూపిస్తే, ఆ తర్వాత సొంతంగా చేసుకోవచ్చు. చేసిన రోజు సాయంత్రం కాస్త నొప్పి, వాపు మామూలే. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గాలి. తగ్గకపోతే మర్నాడు మోతాదు తగ్గించుకోవాలి. మానేయకూడదు.

మెట్లున్న ఇల్లయితే ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ, నేల మీద జారని చాప ఉండాలి. ఇండియన్ మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో మధ్యలో రంధ్రం ఉండే కమోడ్ కుర్చీ కొనడమో అద్దెకు తెచ్చుకోవడమో చేయాలి. మరుగుదొడ్డికి వెళ్లడానికి ఇంకొకరిని పిలవాల్సి రావడం మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని గొంతు ఎండబెట్టుకునేవాళ్లు ఎందరో. అందుకే ఆ కుర్చీ ఖర్చు మందుల ఖర్చులో భాగమే అనుకోవాలి.

పత్యం పేరుతో పస్తు

కట్టు కట్టి ఇంటికి రాగానే పత్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ దురద అని, గుడ్డు వేడి అని, పెరుగు చలవ అని ఒక్కొక్కటీ కంచంలోంచి తీసేస్తారు. చివరికి మిగిలేది చారూ అన్నం, బ్రెడ్డూ పాలు. పుండు మానడానికీ ఎముక అల్లుకోవడానికీ కావలసిన సరుకే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు తీసేయడమంటే ఇల్లు కట్టే సమయంలో ఇటుకల బండిని వెనక్కి పంపడమే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పు వల్ల కాదు.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. గ్లాసు పాలలో 300 దాకా వస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. పూటకో గిన్నె పప్పు, రోజుకో రెండు గుడ్లు, పెరుగు, రాగిజావ, తినే అలవాటుంటే చేపలు, మాంసం. ఇంతకన్నా ఖరీదైన పొడులు అక్కర్లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పెంచుకోవాలి. నొప్పి మాత్రలతో, కదలిక లేకపోవడంతో మలబద్ధకం వస్తుంది కాబట్టి ఆకుకూరలు, పళ్లు, నీళ్లు తగ్గించకూడదు.

కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ కావాలి. ఇంత ఎండ కాసే నేల మీద దానికి కొరతేమిటి అనిపించవచ్చు. తిరుపతిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనే ఈ లోపం విస్తారంగా కనిపించింది. ఇక నెలల తరబడి గదిలో ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. లేత ఎండ మంచిదని పొద్దున్నే కూర్చోబెడతారు గానీ, చర్మం డి విటమిన్ తయారు చేసుకునే కిరణాలు ఎక్కువగా ఉండేది పొద్దెక్కాకే. పదకొండు ప్రాంతంలో చేతులకు, కాళ్లకు కాసేపు ఎండ తగలనిస్తే చాలు. పరీక్షలో లోపం తేలితే మాత్రలు వాడాల్సిందే.

బీడీ, సిగరెట్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. పొగ సన్నని రక్తనాళాలను బిగదీసి ఎముకకు నెత్తురు అందనివ్వదు. పొగ తాగేవాళ్లలో ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందనేది డాక్టర్లు ఎప్పటి నుంచో గమనించిన సంగతి. విసుగు పోవడానికని ఆ రోజుల్లోనే ఎక్కువ కాల్చడం మరీ నష్టం. అలాగే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలను నెలల తరబడి మింగడం కడుపుకూ మూత్రపిండాలకూ చేటు.

నాలుగు గోడల మధ్య

ఎముకకు చేసే సేవ ఒక ఎత్తు, ఒంటరితనం ఇంకో ఎత్తు. దాన్ని ‘ఊరికే దిగులు’ అని కొట్టిపారేయడానికి లేదు. 1995లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు, మతిమరుపు జబ్బున్న బంధువులకు ఏళ్లుగా సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతి మీద చిన్న గాయం చేసి చూశారు. అలాంటి భారం లేని 13 మందితో పోలిస్తే వీళ్ల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. అది చర్మం మీది గాయమే, ఎముక కాదు. అయినా మనసు మీది ఒత్తిడి ఒంటి మరమ్మతు పనిని తాకుతుందని మాత్రం అది చూపించింది. పైగా దిగులుపడ్డ మనిషి సరిగా తినడు, నిద్రపోడు, వ్యాయామం చేయడు. ఆ దారిన కూడా ఎముకకు నష్టమే.

ఈ దిగులు రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, రోజుకు ఆకారం లేకుండా పోతుంది. పగలు కునుకు, రాత్రి జాగారం, ఫోనులో రీల్స్, మళ్లీ పగలు కునుకు. ఏ వారమో కూడా గుర్తుండదు. రెండోది, ఇంట్లో తన అవసరం ఎవరికీ లేదన్న భావన. నిన్నటిదాకా సంపాదించినవాడు, ఇల్లు నడిపిన ఇల్లాలు, ఈ రోజు ప్రతిదానికీ అడగాల్సిన స్థితికి వస్తారు.

మొదటిదానికి మందు, రోజుకు మేకులు కొట్టుకోవడం. లేచే వేళ, స్నానం, వ్యాయామం రెండు పూటలా, ఎండలో కూర్చునే వేళ, ఎవరికో ఒకరికి ఫోను చేసే వేళ. ఇవి కాగితం మీద రాసి గోడకు అంటించాలి. రాత్రి వేసుకున్న బట్టలతో పగలంతా ఉండకూడదు. పగలు మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోవాలి, కాలు ముందు స్టూలు మీద పెట్టుకుని. భోజనం అందరితో పాటు హాల్లోనే చేయాలి. ఇవన్నీ చూడటానికి చిన్నవే. మంచం దిగిన ప్రతిసారీ రోగి పాత్రలోంచి కొంత బయటికి వస్తారు.

మంచం ఎక్కడ వేశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తిరగేసి రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక వ్యాసం ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్ల కన్నా కాస్త ముందే ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. మన ఇళ్లలో రోగిని ‘ప్రశాంతంగా ఉంటుంది’ అని వెనక గదిలో పడుకోబెడతారు. వీధి కనిపించే ముందు గదిలోనో వరండాకు దగ్గరగానో వేస్తే కూరగాయల బండి అరుపు, బడి పిల్లల ఆటో, పలకరించే పొరుగువాళ్లు, అన్నీ ఉచితంగా వస్తాయి.

రెండో కారణానికి మందు ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. కూర్చుని చేయగలిగిన పనులు తిరిగి అప్పగించాలి. కూరగాయలు తరగడం, పిల్లల హోంవర్క్, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పాలవాడి లెక్క, పెళ్లి పిలుపుల ఫోన్లు. ‘నువ్వు పడుకో, మేం చూసుకుంటాం’ అనడం కన్నా ‘ఇది నువ్వు చూసి పెట్టు’ అనడమే ఎక్కువ ఆసరా. కాలు విరిగింది ఇల్లాలికైతే కథ తలకిందులవుతుంది. ఆమెకు పని లేకపోవడం కాదు సమస్య. రెండో వారానికే ఒంటికాలి మీద పొయ్యి దగ్గర నిలబడటం. పిండి రుబ్బాలని, బట్టలు ఆరేయాలని ఎవరూ అనకపోయినా ఆమే లేస్తుంది, ఎందుకంటే లేకపోతే ఎవరూ చేయరు. అక్కడ విశ్రాంతి గురించి చెప్పాల్సింది ఆమెకు కాదు, పని పంచుకోవాల్సిన మిగతావాళ్లకు.

సేవ చేసేవాళ్లనూ మరవకూడదు. పొద్దున ఆఫీసు, సాయంత్రం రోగి, రాత్రి మెలకువలు. నాలుగో నెలకు వాళ్ల గొంతులో విసుగు వినిపిస్తే అది ప్రేమ తగ్గి కాదు, అలసట పెరిగి. వారానికి ఒక పూట ఇంకెవరైనా వచ్చి కూర్చుంటే ఇద్దరికీ ఊపిరి సలుపుతుంది.

రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి మానేయడం, ‘నేనెందుకు బతకాలి’ అన్న మాటలు రావడం మామూలు దిగులు కావు. డాక్టరుకు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు

‘మా తమ్ముడు రెండు నెలల్లోనే బండి తోలాడు’, ‘మా ఊళ్లో ఒకాయనకు రాడ్ లోపలే విరిగిందట’. ఈ రెండు మాటలూ రోగిని ఒకేలా కుంగదీస్తాయి. తమ్ముడిది ఏ ఎముకో, ఎలా విరిగిందో, వయసెంతో ఎవరూ చెప్పరు. పిల్లల ఎముకలు పెద్దవాళ్ల కన్నా ఎంతో త్వరగా అతుకుతాయి. ఒకే ఎముకలో కూడా పై భాగానికీ కింది భాగానికీ తేడా ఉంటుంది. కాబట్టి పోలిక చెప్పకుండా ఉండటమే పెద్ద సాయం. మొదటి వారంలో పదిమంది కలిసి వెళ్లే బదులు రెండో నెలలో ఒక్కరు వెళ్లి గంటసేపు క్యారమ్స్ ఆడితే ఎంతో మేలు. ‘ఎలా ఉంది?’ అని కాలు వైపు చూసి అడగడం ఆపి, ఊళ్లో కబుర్లు చెప్పండి.

పరామర్శలో తప్పక వచ్చే మరో సలహా పుత్తూరు కట్టు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఆ ఊరి పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. తరతరాల అనుభవం మీద ఆ పేరు నిలిచింది. అయితే ఆ పేరు పెట్టుకున్న కట్లు ఊరూరా వెలిశాయి. రాడ్ వేసిన కాలికి దాని మీద ఇంకో కట్టు కట్టించడం గానీ, పిండికట్టు మధ్యలో తీయించడం గానీ ప్రమాదం. చర్మం చీలిన గాయం మీద పసర్లు వేస్తే చీము ఎముకదాకా పోతుంది. వెదురు దబ్బలు బిగించి కడితే నెత్తురు ఆగి కాలే పోయే స్థితి రావచ్చు.

ఎప్పుడు కంగారు పడాలి

ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరు. ఎముక విరిగి తొమ్మిది నెలలైనా అతుక్కోకుండా, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే అతుకు ఆగిపోయిందని సాధారణంగా భావిస్తారు. దానికి కూడా దారులున్నాయి. రాడ్ మార్చడం, తుంటి దగ్గరి ఎముక తీసి అక్కడ పెట్టడం, ఇలిజరోవ్ రింగులు. కాబట్టి మూడో నెలలో ‘నాది అతకదు’ అని తీర్మానించుకోవడానికి ఆధారం లేదు.

కొన్ని లక్షణాలకు మాత్రం వారం ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. పిక్క ఒక్కసారిగా వాచి, గట్టిపడి, నొక్కితే నొప్పి పుట్టడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి. కట్టు లోపల మాత్రలకూ తగ్గని, గంటగంటకూ పెరిగే నొప్పి. వేళ్లు నీలంగా మారడం, చల్లబడటం, స్పర్శ తెలియకపోవడం. జ్వరం, గాయంలోంచి చీము. అలాగే నెల దాటాక కూడా పాదంలో మంటలు పుట్టి, రంగు మారి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా ఉంటే అది నరాలకు సంబంధించిన వేరే సమస్య కావచ్చు. ఓర్చుకుని కూర్చుంటే ముదురుతుంది.

మిగతా రోజుల్లో పురోగతి కొలవడానికి ఎక్స్‌రే సరైన కొలబద్ద కాదు, నెలకోసారి గానీ తీయరు కాబట్టి. మోకాలు ఎంత వంగుతోంది, సాయం లేకుండా ఎన్ని నిమిషాలు నిలబడగలిగాం, మంచం నుంచి వీధి గుమ్మందాకా ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చింది. వీటిని వారానికోసారి ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. రోజూ చూసుకుంటే మార్పు కనబడదు. నెల క్రితం పేజీతో పోల్చితే కనబడుతుంది. రివ్యూకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం, అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్న చీటీ పట్టుకెళ్లాలి. రద్దీ ఓపీలో డాక్టరు ఇచ్చే రెండు మూడు నిమిషాలు వృథా కావు.

డబ్బు ఒత్తిడి కూడా చాలామందిని ముందే లేపుతుంది. ఈఎస్ఐ కార్డున్నవాళ్లకు చందా నిబంధనలు సరిపోతే అనారోగ్య సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే పనిచేయలేని కాలమంతా 90 శాతం. పనికి వెళ్లివచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనితో ముడిపడినదిగా పరిగణించే వీలుంది. కార్డు జేబులో పెట్టుకుని ఈ సంగతి తెలియక అప్పులు చేసేవాళ్లున్నారు.

మళ్లీ నేల మీద

బరువు వేయమని డాక్టరు చెప్పిన రోజు పండుగలా ఉంటుందనుకుంటాం. తీరా నిలబడితే కాలు వణుకుతుంది, భయం వేస్తుంది. నరాల వైద్యుడూ రచయితా అయిన ఆలివర్ శాక్స్‌కు 1974లో నార్వే కొండల్లో తొడ కండరం స్నాయువు తెగింది. ఆపరేషన్ తర్వాత ఆ కాలు తనది కాదన్నట్టు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు తోచిందని ఆయన తర్వాత ఒక పుస్తకమే రాశాడు. వారాల తరబడి వాడని కాలి ఉనికిని మెదడు మళ్లీ పట్టుకోవాలి. అది కాలు పాడైపోయిందనడానికి గుర్తు కాదు. నడక మొదలైతే మెల్లగా సర్దుకుంటుంది.

క్రీడాకారులకు డాక్టర్లు, ఫిజియోలు వెంటే ఉంటారు. వాళ్లకూ దగ్గరిదారి లేదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన పి.వి.సింధు ఎడమ చీలమండలో ఎముక చిట్లిందని తేలాక ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో, మలేషియా ఓపెన్‌లో. తొలి రౌండ్‌లోనే కరోలినా మరీన్ చేతిలో ఓడిపోయింది. అప్పటికి ఎముక మాని ఉండవచ్చు, ఆట వేగం, నమ్మకం తిరిగి రావడానికి ఇంకా సమయం కావాలి. తిరిగి వెళ్లిన మొదటి వారంలో పాత వేగం రాలేదని ఆఫీసులోనో పొలంలోనో బాధపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవచ్చు.

ఏదో ఒక రివ్యూలో డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి ‘అతికింది, ఇక మామూలుగా తిరగండి’ అంటారు. చాలామంది వ్యాయామాలు ఆపేసేది ఆ రోజే, కుంటి నడక మిగిలిపోయేది కూడా అందుకే. ఎముక పని అయింది, కండ పని సగంలో ఉంది. టైలరు టేపు తీసుకుని రెండు తొడలనూ మోకాలి చిప్పకు జానెడు పైన కొలవండి. దెబ్బ తగిలిన కాలిది రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉన్నా ఆశ్చర్యం లేదు. కర్రలు మూలన పెట్టవచ్చు, వ్యాయామాలు మాత్రం ఆ రెండు కొలతలూ దాదాపు ఒకటయ్యేదాకా సాగాలి.